కొమ్ము కొంగ

పర్లాకిమిడిలో మా నాన్న
గేదె కొమ్ముని నిప్పుసెగకి పట్టి, మెత్తబడ్డాక
బొటనవేలితో ఒంచి
"ఇదుగో మెడ" అనేవాడు.
మేం చూస్తుండగానే మెడ వచ్చేది.

భాద్రపదంలో జ్వరం.
బరంపురం పెద్దాసుపత్రి వరండాలో నాలుగు రాత్రులు.
అయిదో పొద్దున నేను టీ తేవడానికి వెళ్ళాను.
అంతే.
తిరిగొచ్చేసరికి
చేతిలో గ్లాసు ఇంకా పొగలు కక్కుతోంది.

పెద్దకర్మ అయ్యాక ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకలేదు.
అమ్మ ఆకురాళ్ళని గోనెలో కట్టి అటకెక్కించింది.
నేనొక్కటే దొంగిలించాను:
సగం చెక్కిన కొంగ.
ఒక కాలు నునుపుగా ఉంది.
రెండోది ఇంకా కొమ్ములోనే ఉండిపోయింది.

నోరు పెగలని నన్ను
"కొండగాలి తగిల్తే కుదురుకుంతాడ్లే" అని
చిన్నమావయ్య సెరంగో సంతకి లాక్కుపోయాడు.
ఉప్పు, ఎండు నెత్తళ్ళు, బట్టల సబ్బులు.
జీపు వెనక
వాటితో పాటు నేనూ ఒక బస్తా.

ఇసాకు రాయిత అక్కడే తగిలాడు.
సవర కుర్రాడు, నాలాగే పదిహేనేళ్ళు.
మెడలో శిలువ,
చెవికి నాయనమ్మ కుట్టించిన ఇత్తడి పోగు.
వాడికొచ్చిన తెలుగంతా సంత తెలుగు:
కిలో ఎంత. చిల్లర లేదు. తగ్గించు.
ఆ మూడింటితోనే నాతో రెణ్ణెల్లు నెట్టుకొచ్చాడు.
జీడితోటలో నేను మోకాళ్ళలో తల దాచుకుని ఏడుస్తుంటే
ఎటో చూస్తూ, మెల్లిగా,
"తగ్గించు" అన్నాడు.
నవ్వొచ్చేసింది నాకు.
ముక్కు కారుతూనే నవ్వు.

ఒకరోజు కొంగని చూపించాను.
"కాలు లేదు" అన్నాను,
అడక్కుండా నేనై చెప్పిన మొదటి మాట.
తిప్పి తిప్పి చూసి
కింద మెట్ల మడుల వైపు గడ్డం ఎత్తాడు.
మోకాలి లోతు నీళ్ళలో ఒక తెల్లకొంగ
ఒంటికాలి మీద,
ఏ లోటూ లేనట్టు.

వాడి నాయనమ్మ ఒనొంతి గుడిసె గోడ నిండా
బియ్యప్పిండి మనుషులు, గుర్రాలు, ఒక సూర్యుడు.
ఆమె నన్నేదో అడిగింది.
ఇరవయ్యేళ్ళుగా కొండెక్కుతున్న మావయ్య
గొంతు సవరించుకుని తెలుగు చేశాడు:
"మీ అయ్య ఏటంతన్నాడు? అని అడుగుతోంది."
చచ్చిపోయాడని చెప్పాను.
"అది తెలుసంట. ఏటంతన్నాడు? అంతోంది.
తిండి తిన్నాడా, కోపంగా ఉన్నాడా,
నీకేమైనా కోపముందా?"

మా ఇంటికి ఎందరో వచ్చారు, ఓదార్చారు.
ఇది అడిగినవాళ్ళు లేరు.

గెడ్డ దాటి పైకి పోయి అరిచాను:
"టీ తెచ్చేదాకా ఆగలేకపోయావా!"
లోయ ఆ మాటని నాలుగుసార్లు తిరిగిచ్చింది.
నాలుగోసారికి అది నా గొంతులా లేదు.
కిందికొచ్చేసరికి ముసలామె
బేరం కుదిరినట్టు తలూపింది.

ఊరి చివర వాళ్ళ పెద్దల రాళ్ళు, నిలువుగా.
నాన్నకీ ఒకటి పాతించింది,
పరాయివాడు గనక కొంచెం ఎడంగా,
చుట్టం గనక మరీ దూరం కాకుండా.
పాస్టరు తిడతాడని ఇసాకు దగ్గరికి రాలేదు.
కానీ గెడ్డలోంచి ఆ రాయిని
భుజాన మోసుకొచ్చింది వాడే.
భుజం దోక్కుపోయింది.
నా దగ్గరున్న సంత సబ్బుతో కడిగాను.
"కిలో ఎంత?" అన్నాడు.

ఫాల్గుణంలో ఇంటికొచ్చి
అటక మీంచి గోనె దించాను.
తుప్పు రాలింది నేల మీద, ఎర్రగా.
అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.
కొంగని కిటికీలో పెట్టాను, ఉన్న కాలితోనే.
"అమ్మా, నాన్న ఏటంతన్నాడే?"

చాలాసేపు వీధిలో రిక్షా బెల్లు, ఎవరిదో దగ్గు.
అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని,
తీసి,
"ఆకురాళ్ళకి నూనె రాయమంతన్నాడు" అంది.